ఇంట్లో లాప్‌హుండ్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫిన్లాండ్, స్వీడన్‌లలో స్థిరపడ్డ పాఠకుల నుంచి ఈసారి లాప్‌హుండ్ కుక్కల గురించే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ సంచికలో శీర్షికనంతా వాటికే ఇచ్చేశాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా వేస్తున్నాం.

ప్ర: వరుస ఇళ్లలో ఉంటాం. పిల్లలకు ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. ఇంతవరకూ కుక్కను పెంచలేదు. లాప్‌హుండ్ తెచ్చుకుందామంటే ఒకరు ఫిన్నిష్ అంటారు, ఒకరు స్వీడిష్ అంటారు, ఇంకొకరు లాపిన్‌పొరోకొయిరా అంటారు. ఇవన్నీ ఒకటేనా? మాకు ఏది నప్పుతుంది?
— ఎస్పో నుంచి ఒక పాఠకురాలు

జ: మూడూ అక్కచెల్లెళ్ల బిడ్డల్లాంటివి, కానీ మూడు వేర్వేరు జాతులు. ఉత్తర స్కాండినేవియాలో సామీ ప్రజలు రెయిన్‌డీర్ మందల్ని కాయడానికి పెంచుకున్న స్పిట్జ్ కుక్కలే వీటన్నిటికీ మూలం. మొన మూతి, నిక్కిన చెవులు, వీపు మీదికి చుట్టుకునే తోక, లోపల దట్టమైన ఉన్ని, పైన గరుకు బొచ్చు.

ఫిన్నిష్ కెన్నెల్ క్లబ్ 1945లో లాప్లాండ్ కాపరి కుక్కకు మొదటి జాతి ప్రమాణం రాసింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పొడుగు బొచ్చువీ పొట్టి బొచ్చువీ ఒకే పద్దులో నడిచాయి. ఇవి రెండు రకాలని రెయిన్‌డీర్ పెంపకందార్ల సంఘం గట్టిగా చెప్పడంతో 1966లో విడదీశారు. పొట్టి బొచ్చుది లాపిన్‌పొరోకొయిరా అయింది. పొడుగు బొచ్చుదానికి 1967లో సొంత ప్రమాణం వచ్చింది. ‘సుఓమెన్‌లాపిన్‌కొయిరా’ అన్న ఇప్పటి పేరు 1993లో పెట్టారు. మనం ఫిన్నిష్ లాప్‌హుండ్ అంటున్నది దీన్నే. 

భుజం దగ్గర ఎత్తు మగది 49 సెంటీమీటర్లు, ఆడది 44 ఉండాలని ప్రమాణం. మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ ఒప్పుకుంటారు. బరువు చాలావాటికి 15 నుంచి 24 కిలోల మధ్య. ఏ రంగైనా ఉండొచ్చు, ఒక రంగు మాత్రం ప్రధానంగా కనబడాలి. స్వీడిష్ లాప్‌హుండ్ దానికంటే ఒక సెంటీమీటరు పొట్టి, దాదాపు ఎప్పుడూ నలుపే. చురుకుదనం, నోరు రెండూ కొంచెం ఎక్కువ.

లాపిన్‌పొరోకొయిరా ఇప్పటికీ అచ్చంగా పనివాడే. రోజంతా మంద చుట్టూ పరుగెత్తగల ఒళ్లు అది. సాయంత్రం ఒక్క నడకతో సరిపెడితే తన పని తానే వెతుక్కుంటుంది, ఆ పని మీకు నచ్చదు. ఇంట్లో అందరూ రోజూ పరుగుకో స్కీయింగ్‌కో వెళ్లేవాళ్లయితే తప్ప మొదటి కుక్కగా దాన్ని మేం సూచించం. 1960లలో మందల దగ్గరికి స్నోమొబైల్స్ వచ్చాక పొడుగు బొచ్చు కుక్కకు అడవిలో పని తగ్గి ఇళ్లలో చోటు పెరిగింది. ఫిన్లాండ్‌లో ఇప్పుడు ఎక్కువగా పెంచుకునే జాతుల్లో అదొకటి. మీకు ఫిన్నిష్ లాప్‌హుండ్ నప్పుతుంది. పిల్లల మీద నెమ్మది, నేర్చుకోవాలన్న ఆత్రం రెండూ ఉన్న కుక్క. పెద్దయ్యాక రోజుకు గంటన్నర నుంచి రెండు గంటల తిరుగుడు, దానికి తోడు ముక్కుకో బుర్రకో పని చెప్పే పావుగంట ఆట కావాలి. 

గోడకు గోడ ఆనుకున్న ఇల్లు కాబట్టి ఒక్కటి ముందే తెలుసుకోండి: ఇది అరిచే కుక్క. కింది జవాబు చదివాకే నిర్ణయం తీసుకోండి.

ప్ర: మా లాప్‌హుండ్‌కు పద్నాలుగు నెలలు. కిటికీలోంచి మనిషి కనబడితే అరుపు, తలుపు గంటకు అరుపు, బయటికి బయల్దేరుతుంటే అరుపు, పిల్లలు పరుగెత్తితే అరుపు. పక్కింటివాళ్లు రెండుసార్లు చీటీ పెట్టారు. కసిరితే ఇంకా పెంచుతుంది. మాన్పించే దారి ఉందా?
— తంపెరె నుంచి ఒక పాఠకుడు; ఇదే సంగతి మరో ముగ్గురు అడిగారు

జ: పూర్తిగా మాన్పించలేరు. తగ్గించగలరు, ‘చాలు’ అంటే ఆపేలా చేయగలరు. గొర్రెల కుక్కల్లో కొన్ని చూపుతో, నక్కి నడవడంతో మందను కదిలిస్తాయి. రెయిన్‌డీర్ కుక్క గొంతుతో కదిలిస్తుంది. కొండవాలు మీద చెదిరిపోయిన జంతువులకు కుక్క ఎక్కడుందో వినబడాలి, దూరాన ఉన్న కాపరికీ వినబడాలి. అలా అరిచే కుక్కనే తరతరాలుగా ఎంచి పెంచారు. మీ వాడిలో కనబడుతున్నది మొండితనం అనుకోకండి, అది వాడి పనిముట్టు. మీరు కసిరితే వాడికి అర్థమయ్యేది ‘యజమాని కూడా గొంతు కలిపాడు’ అనే.

ముందు ఒక వారం పాటు కాగితం మీద రాయండి: ఎన్ని గంటలకు, ఏం చూసి లేదా విని, ఎంతసేపు, ఎలా ఆగింది. మీరు చెప్పిన నాలుగు అరుపులకూ నాలుగు కారణాలున్నాయి. ఒకే మందు పనిచేయదు.

కిటికీ అరుపుకు శిక్షణ కంటే ముందు చూపు మూయాలి. అద్దానికి కింది నుంచి మీటరు ఎత్తు దాకా మసక ఫిల్మ్ అంటించండి, సోఫాను కిటికీ దగ్గర్నుంచి జరపండి. ప్రతి బాటసారినీ అరిచి ‘తరిమేసిన’ కుక్కకు తన అరుపు పనిచేసిందన్న నమ్మకం రోజుకు ముప్పైసార్లు గట్టిపడుతుంది. దాన్ని ఆపకుండా ఎంత నేర్పినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

తలుపు గంటకు ‘చాలు’ నేర్పాలి. మొదటి మూడు రోజులు గంట లేకుండా, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, మామూలు గొంతుతో ఒక్కసారి ‘చాలు’ అని, వెంటనే మీ కాళ్ల దగ్గర నాలుగు చిన్న తిండి ముక్కలు నేల మీద వేయండి. రోజుకు ఇరవైసార్లు. ఆ మాట వినగానే తల మీ వైపు తిరుగుతోందంటే మొదటి మెట్టు దాటినట్టే. తర్వాత గంట మోతను ఫోన్లో రికార్డు చేసి బాగా తక్కువ శబ్దంతో వినిపించండి. రెండు మూడు అరుపులు అరవనిచ్చి ‘చాలు’ అనండి, ముక్కలు వేయండి. అప్పటికీ ఆపకపోతే శబ్దం ఇంకా ఎక్కువగా ఉందన్నమాట, తగ్గించండి. కుదిరాక మాటకూ తిండికీ మధ్య ఒక సెకను, మూడు, ఐదు, పది సెకన్ల మౌనం పెంచుతూ పోండి. అసలు గంటకు చేరేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట దెబ్బతింటారు. కుక్క తెలివైనది: అరిచి, ఆపి, మీ వైపు చూసి ముక్క అడగడం నేర్చేసుకుంటుంది. ఆ వరస కనబడగానే పద్ధతి మార్చండి. గంట మోగి, ఇంకా నోరు తెరవకముందే ఇచ్చేయండి. అరిచాక ఆపితే మాత్రం పది సెకన్ల మౌనం తర్వాతే ఇవ్వండి. 

బయల్దేరేటప్పటి అరుపుకు తిండితో పనిలేదు. బయటికి వెళ్లడమే దానికి బహుమతి. పట్టీ చేతిలోకి తీసుకున్నప్పుడు అరిస్తే చెట్టులా నిలబడిపోండి. మూడు సెకన్లు ఊరుకుంటే కదలండి, మళ్లీ అరిస్తే మళ్లీ ఆగండి. మొదటి రోజు గడప దాటడానికే పావుగంట పట్టొచ్చు, కాబట్టి ఆఫీసుకు ఆలస్యమయ్యే వేళ కాకుండా సెలవు రోజున మొదలుపెట్టండి. ఇంట్లో నలుగురిలో ఒక్కరు ‘పోనీలే’ అని అరుస్తున్న కుక్కను బయటికి తీసుకెళ్లినా అప్పటిదాకా చేసినదంతా వెనక్కి పోతుంది.

విద్యుత్ షాక్ ఇచ్చే కాలర్లు ఫిన్లాండ్‌లోనూ స్వీడన్‌లోనూ నిషిద్ధం. చట్టం ఉన్నా లేకపోయినా వాటిని ఈ జాతికి వాడకూడదన్నదే మా మాట. లాప్‌హుండ్ మెత్తని మనసుది. నొప్పికి భయపడ్డ కుక్క ఆ నొప్పిని ఎదురుగా ఉన్న మనిషికో పిల్లాడికో ముడిపెడుతుంది. పక్కింటివాళ్లకు మీరు చేస్తున్నదేమిటో చెప్పండి. భవనాల నిబంధనల్లో సాధారణంగా రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా నిశ్శబ్దం ఉండాలని ఉంటుంది. ఆ వేళల్లో కుక్కను కిటికీలు లేని లోపలి గదిలో పడుకోబెట్టండి.

ప్ర: పిల్లలు తోటలో పరుగెత్తితే మా కుక్క చుట్టూ తిరుగుతూ అడ్డం వస్తుంది. సైకిళ్ల వెంటా పడుతుంది. కరిచేలా ఉందా?

జ: కరవడం దాని ఉద్దేశం కాదు, కూడగట్టడం. కానీ ఐదేళ్ల పిల్లవాడు పడితే గడ్డం పగులుతుంది, సైకిల్ మనిషి పడితే ఇంకా ప్రమాదం. కాబట్టి ముద్దుగా చూసి వదిలేయకండి.

తోటలో పరుగు ఆట మొదలవబోతుంటే కుక్కకు పది మీటర్ల పొడుగు తాడు, అదీ మెడ పట్టీకి కాకుండా ఒంటికి వేసే హార్నెస్‌కు. కుక్క కదలబోయే క్షణం వేరు: చెవులు ముందుకు, నోరు మూసుకుని, ఒళ్లు బిగుసుకుంటుంది. అప్పుడు పిలవాలి, పరుగు మొదలయ్యాక పిలిచినా వినబడదు. పిల్లలకు ఒక్కటే నేర్పండి: కుక్క వెంటబడితే చేతులు ముడుచుకుని నిలబడిపోవాలి. కదలని దాన్ని కాయడంలో కుక్కకు సరదా లేదు. సైకిళ్లకు దూరమే మందు. సైకిల్‌ను చూసి కూడా మీ చేతిలో ముక్క తినగలిగేంత దూరంలో నిలబడండి, అది యాభై మీటర్లయినా సరే. వారానికి ఐదేసి మీటర్లు దగ్గరికి జరగండి.

ప్ర: నాలుగు నెలల పిల్ల. గరిటె కింద పడితే గాల్లోకి ఎగిరి పారిపోతుంది, అంతలోనే వచ్చి వాసన చూస్తుంది. పిరికిది వచ్చిందా మాకు?
— ఔలు నుంచి

జ: మంచి పిల్లే వచ్చింది. కొమ్ములున్న రెయిన్‌డీర్ చటుక్కున తిరగబడితే పక్కకు దూకగలిగిన కుక్కే బతుకుతుంది. మరుక్షణం తేరుకుని పనిలో పడే కుక్కే కాపరికి అక్కరకొస్తుంది. ఉలికిపాటు కంటే తేరుకోవడం ముఖ్యం. ఐదు పది సెకన్లలో తిరిగొచ్చి వాసన చూస్తే చింత లేదు. బల్ల కింద దూరి నిమిషాల తరబడి వణుకుతూ, తిండి కూడా ముట్టకుండా, మర్నాడు అదే చప్పుడుకు ఇంకా ఎక్కువ బెదిరితే అది భయం. అప్పుడు పశువైద్యుడి సలహా కావాలి.

ఎగిరినప్పుడు ఎత్తుకోకండి, గరిటె దగ్గరికి లాక్కురాకండి. దానంతట అదే వచ్చాక అక్కడ రెండు ముక్కలు వేయండి. కొత్త సంవత్సరం బాణసంచా వేళకు చప్పుళ్ల అలవాటు చేయాలంటే అక్టోబరులోనే మొదలుపెట్టాలి, డిసెంబరు ఆఖరి వారంలో కాదు.

ప్ర: బొచ్చు గురించి. ఎండాకాలంలో పొట్టిగా కత్తిరించేస్తే దానికి చల్లగా ఉంటుందని మా వారంటున్నారు. ఎన్ని రోజులకు దువ్వాలి? ఎంత దువ్వినా చెవుల వెనక ఉండ కడుతోంది.
— తుర్కు నుంచి ఒక పాఠకురాలు

జ: కత్తిరించవద్దు. ఇది మీ వారికి చూపించండి. పైబొచ్చు ఎండను, తడిని ఆపుతుంది. లోపలి ఉన్ని మధ్య నిలిచే గాలి చలినే కాదు, వేడిని కూడా చర్మానికి చేరనివ్వదు. యంత్రంతో గొరిగేస్తే ముందు ఉన్ని త్వరగా పెరుగుతుంది, గరుకు పైబొచ్చు నెమ్మదిగా వస్తుంది. ఫలితంగా దూదిలాంటి బొచ్చు మిగిలి తడిని పీలుస్తుంది, ముళ్లూ మట్టీ పట్టుకుంటుంది. కొన్ని కుక్కలకు గొరిగిన చోట నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాటినా బొచ్చు రాదు. వేసవిలో చల్లదనం కావాలంటే రాలాల్సిన ఉన్నిని దువ్వి తీసేయడమే మార్గం.

మామూలు రోజుల్లో వారానికి ఒకసారి, అరగంట. రాలే కాలంలో మూడు నాలుగు వారాలపాటు రోజు విడిచి రోజు. ఆపరేషన్ చేయించని ఆడకుక్కకు ఇది ఎద చక్రంతో ముడిపడి వస్తుంది.

మీరు ఎంత దువ్వినా ఉండ కట్టడానికి కారణం పైపైన దువ్వడమే. మెత్తని కుంచె పైబొచ్చు మీదే జారిపోతుంది, కింద ఉన్ని అట్టకట్టి ఉంటుంది. నీళ్లు చల్లే సీసాతో కొద్దిగా తడి చేయండి; పొడి బొచ్చు తెగుతుంది. కుక్కను పక్కకు పడుకోబెట్టి, ఒక చేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టి, చర్మం గీతలా కనబడేలా పాయ తీయండి. పిన్ బ్రష్‌తో ఆ గీత నుంచి కిందికి దువ్వి, రెండు సెంటీమీటర్లు పైకి జరిగి మళ్లీ కొత్త పాయ. చివర ఇనుప దువ్వెన చర్మం దగ్గర నుంచి చివరిదాకా అడ్డు లేకుండా జారితేనే ఆ భాగం అయినట్టు. ఉన్ని లాగే పళ్ల రేకును రాలే కాలంలో మాత్రమే వాడండి, ఒకేచోట నాలుగైదు లాగుళ్లు మించకూడదు. మించితే చర్మం ఎర్రబడుతుంది. చెవి వెనక, చంకలో, వెనక తొడల మీది గుబురులో ఉండ కడితే కత్తెరతో అడ్డంగా కోయకండి. చర్మం ఉండలోకి లాక్కుని ఉంటుంది కాబట్టి తెగే ప్రమాదం ఎక్కువ. ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి, దాని పైన మాత్రమే నిలువుగా రెండు గాట్లు పెట్టి వేళ్లతో విడదీయండి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన కుక్కలో బొచ్చు ఉన్నిలా మారి త్వరగా చిక్కుపడుతుంది. అలాంటిదైతే వారానికి రెండుసార్లు దువ్వాలి. స్నానం ఏడాదికి మూడు నాలుగు సార్లు చాలు, కానీ వేర్ల దాకా ఆరబెట్టాలి. లోపల తడి నిలిస్తే ఒక రాత్రిలోనే చర్మం చెమ్మగిల్లి పుండు పడుతుంది. మంచులో తిరిగేటప్పుడు వేళ్ల మధ్య గుండ్రాళ్లలా మంచు ఉండలు కట్టి కుంటుతుంటే, అరికాలి మెత్తల మధ్య బొచ్చును మెత్తల మట్టానికి కత్తిరించండి. అంతకు మించి ఎక్కడా కత్తెర అక్కర్లేదు. తుర్కు తీరంలో పిడుదులు, అంటే టిక్స్, ఎక్కువ. మంచు కరిగినప్పటి నుంచి మళ్లీ గడ్డకట్టేదాకా రోజూ చెవుల చుట్టూ, గడ్డం కింద, చంకల్లో వేళ్లతో చర్మం దాకా తడిమి చూడండి. ఈ బొచ్చులో కంటికి కనబడవు.

ప్ర: ఎంత తిండి పెట్టాలి? సంచి మీద రాసినట్టే పెడుతున్నా లావవుతోంది.

జ: సంచి మీద లెక్క చురుకైన కుక్కకు సరిపోయేలా ఉంటుంది. లాప్‌హుండ్ తక్కువ తిండితో చలిలో నెగ్గుకొచ్చిన జాతి, మిగిలినదంతా దాచుకుంటుంది. 18 కిలోల కుక్క ఊరికే పడుకుని ఉండటానికి రోజుకు సుమారు 610 కిలోకేలరీలు ఖర్చవుతాయి. రోజూ గంటన్నర తిరిగే కుక్కకు దాన్ని 1.3తో గుణించి మొదలుపెట్టండి: దాదాపు 800. వంద గ్రాములకు 370 కిలోకేలరీలున్న పొడి తిండి అయితే ఇది 215 గ్రాములు, రెండు పూటలకు పంచాలి. గ్లాసుతో కొలవకండి, తూకం వేయండి. శిక్షణ ముక్కలు మొత్తంలో పదో వంతు దాటకూడదు, వాటిని ఈ లెక్కలోంచే తీయాలి.

బొచ్చు వల్ల కంటికి మోసం జరుగుతుంది, కాబట్టి చేత్తో చూడండి. పక్కటెముకల మీద వేళ్లు నొక్కకుండా జారిస్తే, మన గుప్పిట వెనక కణుపుల్లా తగలాలి. నొక్కితే గాని తగలకపోతే లావే. పది శాతం తగ్గించి మూడు వారాల తర్వాత మళ్లీ తూచండి.

ప్ర: పిల్లను కొనేముందు పెంపకందారుణ్ణి ఏమేం అడగాలి? ‘జన్యు పరీక్షలు అన్నీ అయ్యాయి’ అన్నారు. అంత చాలా?
— యువస్కులా నుంచి ఒక పాఠకుడు

జ: ‘అన్నీ’ అన్న మాటను ఒప్పుకోకండి. మూడు కాగితాలు విడివిడిగా అడగండి.

మొదటిది తల్లిదండ్రుల కళ్ల పరీక్ష, కంటి నిపుణుడైన పశువైద్యుడు చేసినది, ఇటీవలిది. జన్యు పరీక్ష ఉన్నా ఇది ఎందుకంటే, ఈ జాతిలో వంశపారంపర్యంగా వచ్చే శుక్లం జన్యు పరీక్షలో తేలదు, కంట్లో చూసే పట్టాలి. రెండోది తుంటి ఎక్స్‌రే. ఏడాది దాటాక తీసి ఏ నుంచి ఇ దాకా శ్రేణి ఇస్తారు. ఏ, బి మంచివి. మూడోది జన్యు పరీక్షలు, ముఖ్యంగా రెండు: పీఆర్‌సీడీ-పీఆర్‌ఏ అనే రెటీనా (కంటి లోపలి తెర) క్షీణత, పాంపే వ్యాధి.

పాంపే వ్యాధి ఫిన్నిష్, స్వీడిష్ లాప్‌హుండ్‌లు రెండింటిలోనూ ఉంది. ఒంట్లో నిల్వ ఉండే చక్కెర రూపమైన గ్లైకోజెన్ కండరాల్లో పేరుకుపోతుంది. కొన్ని నెలల వయసులో తిన్నది కక్కడం, నీరసం, నడవలేకపోవడం మొదలై, పిల్ల రెండేళ్లు నిండకుండానే చనిపోతుంది. చికిత్స లేదు. కానీ ఇది పూర్తిగా తప్పించగలిగిన దుఃఖం. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ఆ జన్యువు చెడ్డ ప్రతులు రెండూ చేరితేనే జబ్బు వస్తుంది. ఒకే ప్రతి ఉన్న కుక్కను క్యారియర్ అంటారు, దానికి ఏ ఇబ్బందీ ఉండదు. క్యారియర్‌ను చెడ్డ ప్రతి లేని కుక్కతో జతకడితే పిల్లల్లో సగం క్యారియర్లు కావొచ్చు, జబ్బు ఒక్కదానికీ రాదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. కాబట్టి ‘తల్లి క్యారియర్’ అన్న మాట వినగానే వెనక్కి తిరగకండి, ‘తండ్రి ఏమిటి?’ అని అడగండి. క్యారియర్లన్నిటినీ పక్కన పెడుతూ పోతే చిన్న జాతికి రక్తం ఇంకా ఇరుకవుతుంది.

నోటి మాట మీద ఆధారపడే అవసరం కూడా లేదు. ఫిన్నిష్ కెన్నెల్ క్లబ్ నడిపే కొయిరానెట్ అనే సమాచార నిధి అందరికీ తెరిచే ఉంటుంది. తల్లిదండ్రుల నమోదు పేరు కొడితే కళ్లు, తుంటి ఫలితాలు, తోబుట్టువులవి కూడా కనబడతాయి. ఒక్క తల్లి తుంటి బాగుండటం కంటే దాని తోబుట్టువులందరివీ బాగుండటం ఎక్కువ నమ్మదగ్గ గుర్తు.

తల్లిని తప్పక చూడండి. మీరు వెళ్లినప్పుడు అరవడం మామూలే. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుని దగ్గరికి రావాలి. ఏడు వారాల లోపు పిల్లను ఇస్తామంటే తీసుకోకండి. ఇంకొకటి: ఫిన్లాండ్‌లో ‘సియోయితుస్’ ఒప్పందం మామూలు. కుక్క మీ ఇంట్లోనే పెరుగుతుంది, కానీ దాన్ని ఈనించే హక్కు పెంపకందారు దగ్గర ఉంటుంది. ఖర్చు తగ్గుతుందని సంతకం చేసేముందు ఎన్ని ఈతలు, ఎన్నేళ్ల లోపు, ఈనే వారాల్లో కుక్క ఎవరింట్లో ఉంటుంది, వైద్యం ఖర్చు ఎవరిది అన్నవి కాగితం మీద ఉన్నాయో లేదో చూడండి.

ప్ర: మా ఇద్దరికీ ఆఫీసు ఎనిమిది గంటలు. కుక్క ఇంట్లో ఒక్కతే ఉండగలదా?
— ఉప్సాలా నుంచి

జ: స్వీడన్ నిబంధన ప్రకారమే పగటిపూట కనీసం ఆరు గంటలకోసారి కుక్కను బయటికి తీసుకెళ్లాలి. కాబట్టి ఎనిమిది గంటలు ఏకధాటిగా కుదరదు. మధ్యాహ్నం వచ్చే మనిషో, హుండ్‌డాగిస్ అనే పగటి సంరక్షణ కేంద్రమో చూసుకోండి. పైగా లాప్‌హుండ్ కుటుంబాన్ని మందగా చూసే కుక్క. గదిలో మీరు ఎక్కడుంటే అక్కడ, తలుపుకు అడ్డంగా పడుకునే రకం.

ఒంటరితనం నేర్పాల్సిన విద్య. తలుపు మూసి పది సెకన్లతో మొదలుపెట్టండి, కుక్క ఊరుకుని ఉండగానే తిరిగి రండి. ముప్పై సెకన్లు, ఒక నిమిషం, మూడు, ఐదు. అరగంట దాకా నెమ్మదిగా పోవాలి. అది దాటితే తర్వాతి గంటలు తేలిక. ఫోన్ కెమెరా పెట్టి చూడండి, మీరు లేనప్పుడు ఏం చేస్తోందో మీకు వేరే దారిలో తెలీదు.

ప్ర: కుక్కతో సహా కారులో ఇనారి దాకా, అక్కడి నుంచి నార్వే, తిరుగు ప్రయాణం స్వీడన్ మీదుగా. కాగితాలు ఏం కావాలి? లాప్లాండ్‌లో వదిలితే దాని సొంత గడ్డ మీద హాయిగా తిరగదా?
— వాంతా నుంచి ఒక కుటుంబం

జ: వదలకండి. దాని ముత్తాతలు రెయిన్‌డీర్లను కాశాయి కాబట్టే వదలకూడదు. శిక్షణ లేని లాప్‌హుండ్‌కు తరమడం పుట్టుకతో వస్తుంది, ఆపడం రాదు. వసంతంలో చూడి ఆడవాటిని తరిమితే దూడలు పోతాయి, చలికాలంలో తరిమితే ఉన్న కాస్త కొవ్వూ కరుగుతుంది. ఆ నష్టం కుక్క యజమానిదే. ఫిన్లాండ్‌లో మూడో వంతుకు పైగా నేల రెయిన్‌డీర్ పెంపక ప్రాంతమే, కంచె కనబడకపోయినా మంద ఎవరిదో ఒకరిది. జాతీయ ఉద్యానాల్లో ఏడాది పొడవునా పట్టీ తప్పనిసరి. ఇతర చోట్ల కూడా మార్చి 1 నుంచి ఆగస్టు 19 దాకా ఐదు నెలలు దాటిన కుక్కను పట్టీ మీదో, తక్షణం పట్టుకోగలిగేలానో ఉంచాలి. కారు తలుపు తీసేముందే పట్టీ తగిలించండి; రోడ్డు పక్కనే రెయిన్‌డీర్లు నిలబడి ఉంటాయి.

కాగితాలు: మైక్రోచిప్, ఐరోపా సమాఖ్య పెంపుడు జంతువుల పాస్‌పోర్టు, రేబీస్ టీకా. మొదటి టీకా వేయించి 21 రోజులు గడవాలి. ఫిన్లాండ్ నుంచి నేరుగా నార్వేకు, నార్వే నుంచి నేరుగా ఫిన్లాండ్‌కు బద్దెపురుగు మందు అక్కర్లేదు. మీరు స్వీడన్ మీదుగా వస్తున్నారు కాబట్టి కావాలి. ఫిన్లాండ్‌లోకి అడుగుపెట్టడానికి 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలు మించకుండా పశువైద్యుడు ప్రాజిక్వాంటెల్ అనే ఆ మందు మింగించి, తేదీతో పాటు సమయం కూడా పాస్‌పోర్టులో రాయాలి. సమయం రాయించుకోవడం మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ఓడ ఆలస్యమైనా దారిలో ఒక రోజు ఆగినా 120 దాటకుండా, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు వేయించేలా అపాయింట్‌మెంట్ ముందే తీసుకోండి.

ప్ర: ఏడేళ్ల కుక్క. పగలు బాగానే ఉంటుంది. సంధ్యవేళ మెట్ల దగ్గర ఆగిపోతుంది, గేటుకు తగులుకుంది. వయసు వల్లేనా?
— లాహ్తి నుంచి ఒక పాఠకురాలు

జ: ఏడేళ్లు ఈ జాతికి వయసు కాదు, పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. మసక వెలుతురులో ముందు చూపు తగ్గడం పీఆర్‌సీడీ-పీఆర్‌ఏలో కనబడే వరస. చీకట్లో చూసే కణాలు మొదట పోతాయి, పగటి చూపు తర్వాత పోతుంది. శుక్లమూ కావొచ్చు, దానికి కొన్నిసార్లు శస్త్రచికిత్స ఉంది, రెటీనా క్షీణతకు లేదు. కాబట్టి ఏదో తేల్చుకోవడానికి కంటి నిపుణుడైన పశువైద్యుణ్ణి ఈ నెలలోనే కలవండి. రెటీనా జబ్బని తేలితే మీ పెంపకందారుకు తప్పక చెప్పండి. దాని తోబుట్టువులను ఇంకా ఎక్కడైనా జతకడుతున్నారేమో.

చూపు నెమ్మదిగా పోతుంది కాబట్టి, ఇంకా కనబడుతున్నప్పుడే మాటలు నేర్పండి: మెట్టు ఎక్కేముందు ‘పైకి’, దిగేముందు ‘కిందికి’, అడ్డం ఉంటే ‘ఆగు’. ఒక్కో మాటకు రోజుకు పదిసార్లు. మొదటి మెట్టు ముందు, ఆఖరి మెట్టు తర్వాత గరుకు చాప పరిస్తే పాదానికే తెలుస్తుంది. గదిలో సామాను జరపకండి, నీళ్ల గిన్నె చోటు మార్చకండి. సంధ్య నడకలకు వెలుతురుండే దారి ఎంచుకుని, చీకటి పడే నెలల్లో నుదుటి దీపం పెట్టుకోండి. దాని కాంతిని కుక్క కళ్లకేసి కాకుండా రెండు మీటర్ల ముందు నేల మీద పడేలా వంచండి.